కృష్ణాతీరంలో అక్షరం – 12: అచ్చుకొచ్చిన యంత్రం చదువుకు కూర్చుంది

కిందటి భాగంలో పడవెక్కిన పుస్తకాల కథ చెప్పుకున్నాం. 1914 ఏప్రిల్‌లో అయ్యంకి వెంకటరమణయ్య చొరవతో బెజవాడలో గ్రంథాలయాల మహాసభ జరిగింది. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు అధ్యక్షత వహించారు. ఆ ఊపు తగ్గకుండానే 1935లో పాతూరి నాగభూషణం కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద గ్రంథాలయాన్ని పడవలో తిప్పారు. మనిషి పుస్తకం దగ్గరికి రాలేకపోతే పుస్తకమే మనిషి గుమ్మంలోకి వెళ్లాలన్నది ఆ తరం పట్టుదల.

ఇక్కడినుంచి కథ యాభై ఏళ్లు ముందుకు దూకుతుంది. మధ్యలో జరిగింది తక్కువేమీ కాదు. బెజవాడ ప్రచురణకర్తల సంగతి, పత్రికల పోటీ సంగతి ముందు భాగాల్లో వచ్చాయి కనుక మళ్లీ ఎత్తుకోవడం లేదు. కృష్ణాతీరపు పుస్తకాన్ని మనిషితోపాటు యంత్రం కూడా చదవడం ఎలా మొదలైంది, అంత ఆలస్యం ఎందుకైంది అన్నదే ఈసారి విషయం.

1980ల చివరిదాకా బెజవాడలో అక్షరం అంటే సీసం. కంపోజిటరు ఎడమచేతిలో స్టిక్కు పట్టుకుని, ఎదురుగా ఉన్న కేసుల్లోంచి ఒక్కొక్క అచ్చూ ఏరి పేర్చేవాడు. గుణింతాలూ వత్తులూ కలిసి తెలుగు కేసుకు వందల గళ్లు. ఏ గడిలో ఏముందో వేళ్లకే తెలియాలి, కళ్లతో వెతుక్కునేవాడికి కూలి గిట్టదు. ప్రూఫు దిద్ది, ఫారం అచ్చేసి, కట్టు విప్పేసేవారు. అచ్చుల్ని మళ్లీ ఏ గడివి ఆ గడిలో పడెయ్యాలి, లేకపోతే తర్వాతి ఫారానికి అక్షరాలు చాలవు. అంటే ఒక పేజీ అచ్చయిన మర్నాటికే దాని కూర్పు మాయం. కాగితం మీద మిగిలిందే పుస్తకం.

1990ల్లో డీటీపీ వచ్చింది. ఏలూరు రోడ్డు సందుల్లో, గవర్నర్‌పేట మేడమెట్ల కింద, ఒక టేబులూ ఒక కంప్యూటరూ ఒక లేజర్ ప్రింటరూ పెట్టుకుని కుర్రాళ్లు కూర్చున్నారు. పొద్దున శుభలేఖ, మధ్యాహ్నం పదో తరగతి గైడు, రాత్రికి నవల. జనవరి 1న మొదలయ్యే పుస్తకాల పండుగ ముందు డిసెంబరంతా వాళ్లకు నిద్రుండేది కాదు. 1989లో మొదలైన ఆ పండుగకు పుస్తకం అందించలేకపోతే ప్రచురణకర్త ముఖం చెల్లదు. కరెంటు పోతే సేవ్ చేయని పేజీలు పోయేవి, ఆపరేటరు తిట్టుకుంటూ మళ్లీ కొట్టేవాడు. దిద్దిన పేజీని ట్రేసింగు పేపరు మీద తీసి, ప్లేటుకు పంపి, ఆఫ్‌సెట్ మీద వేసేవారు. సీసం కేసులు తూకానికి పోయాయి. కేసు దగ్గర ఇరవై ఏళ్లు నిలబడ్డ కంపోజిటర్లలో కొందరు కీబోర్డు నేర్చుకున్నారు, కొందరు బైండింగుకు మళ్లారు, కొందరు ఇంటికి పోయారు.

పైకి చూస్తే ఇదంతా గొప్ప మేలు. కూర్పు ఇప్పుడు మాయం కాదు, ఫ్లాపీలోనో సీడీలోనో పదిలం. పుస్తకం మొత్తం కంప్యూటరులో ఉంది కదా, ఫలానా మాట ఎక్కడెక్కడ వచ్చిందో చెప్పమంటే చెప్పాలి. చెప్పలేదు! ఎందుకంటే కంప్యూటరు దృష్టిలో ఆ ఫైల్లో తెలుగే లేదు.

సంగతేమిటంటే, ఆనాటి పేజ్‌మేకర్‌లాంటి సాఫ్ట్‌వేర్లు నడిచిన కంప్యూటరుకు ఫాంటులో 256 గళ్లే తెలుసు. తెలుగుకు తలకట్లు, గుడులు, కొమ్ములు, వత్తులు అన్నీ విడివిడిగా కావాలి. అను, శ్రీలిపి వంటి ఫాంట్లు చేసినవాళ్లు తెలివిగా ఆ ముక్కలన్నిటినీ ఇంగ్లీషు అక్షరాల గళ్లలో, విరామచిహ్నాల గళ్లలో సర్దారు. తెరమీద ‘కృష్ణ’ అని అందంగా కనిపిస్తుంది. లోపల దాచింది మాత్రం ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన చెత్త వరస. పైగా ఒక ఫాంటు కొమ్మును పెట్టిన గడిలో ఇంకొకరు దీర్ఘం పెట్టారు. ఒక దుకాణంలో కొట్టిన ఫైలు ఇంకో దుకాణంలో తెరిస్తే చుక్కలూ గీతలూ కనిపించేవి. అందువల్ల బెజవాడలో రెండు దశాబ్దాలపాటు కంప్యూటరు మీద తయారైన పుస్తకాలు కంప్యూటరుకే చదవరాని పుస్తకాలయ్యాయి. ఈ పనికి ఆ ఫాంట్లవాళ్లను తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. అప్పటి యంత్రంలో అంతకన్నా దారి లేదు, వాళ్లు లేకపోతే తెలుగు ప్రచురణ ఇంకో పదేళ్లు సీసం దగ్గరే ఆగేది.

దారి అసలు లేదనీ కాదు. భారతీయ భాషలన్నిటికీ ఒకే పట్టికలో చోటిచ్చిన ‘ఇస్కీ’ సంకేతాలను 1991లో భారత ప్రమాణంగా ప్రకటించారు. అదే ఏడాది వచ్చిన యూనికోడ్ తొలి రూపంలోనూ తెలుగుకు 128 గళ్లు దక్కాయి. కానీ ఇస్కీ ప్రభుత్వ కార్యాలయాలకే పరిమితమైంది, యూనికోడ్ కాగితం మీదే ఉండిపోయింది. మామూలు మనిషి కొనే కంప్యూటరులో తెలుగు తెలుగుగానే కనిపించడానికి 2001లో విండోస్ ఎక్స్‌పీ, దానితో వచ్చిన గౌతమి ఫాంటు దాకా ఆగాల్సొచ్చింది.

ఇక్కడ కాసేపు ఇటలీ వెళ్లొద్దాం. 1949లో రొబెర్తో బూసా అనే జెసూట్ ఫాదరీ న్యూయార్క్ వెళ్లి ఐబీఎం అధిపతి థామస్ వాట్సన్‌ను కలిశాడు. పదమూడో శతాబ్దపు థామస్ అక్వినాస్ రచనలన్నిటిలో ఏ మాట ఎక్కడెక్కడ ఎలా వాడాడో సూచిక కావాలన్నది ఆయన కోరిక. కోటికి పైబడిన లాటిన్ మాటలు. కంపెనీ ఒప్పుకుంది. గల్లరాతే పట్టణంలో అమ్మాయిలు కూర్చుని చిల్లుల కార్డుల మీద ఆ మాటలన్నీ ఎక్కించారు. 1970ల్లో మొదలై 56 సంపుటాలుగా ఆ సూచిక అచ్చయింది. కంప్యూటరుతో సాహిత్య పరిశోధన అనగానే ప్రపంచమంతా మొదట చెప్పుకునేది ఈ ఫాదరీ పేరే, కార్డులు గుద్దిన అమ్మాయిల పేర్లు చాలాకాలం ఎవరూ అడగలేదు. అదే జెసూట్ సంఘం 1953లో బెజవాడలో ఆంధ్ర లయోలా కళాశాల పెట్టింది. ఆ కళాశాల ఈ కథలోకి తర్వాత వస్తుంది.

మాటల్ని ఏరి లెక్కకట్టే అలవాటు మనకు బూసా నేర్పలేదు. మచిలీపట్నంలో కొలువు చేసిన సి.పి. బ్రౌన్ ఒకే కావ్యానికి పలు ప్రతులు తెప్పించి, పండితులను కూర్చోబెట్టి పాఠాలు పోల్పించాడు. ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది. పిఠాపురం రాజా పోషణలో జయంతి రామయ్య పంతులు తలపెట్టిన సూర్యరాయాంధ్ర నిఘంటువు కావ్యాల్లోంచి ప్రయోగాలు ఏరుకుంటూ 1936 నుంచి సంపుటాలుగా వెలువడింది. పెనుగంచిప్రోలులో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావు ఒంటిచేత్తో విజ్ఞానసర్వస్వం ఎత్తుకుని, 1923లో చనిపోయేదాకా దానిమీదే ఉన్నారు. వీళ్లెవరికీ ఓపిక తక్కువ కాదు, యంత్రమే తక్కువ.

ఆ యంత్రానికి తెలుగు చదవడం నేర్పినవాళ్లలో మొదటి వరస ఇక్కడివాళ్లే అయినా ఇక్కడ లేరు. 1990ల మొదట్లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసే ఒక కట్టుబాటు తయారుచేశారు. చిన్న ‘ఎన్’ కొడితే న, పెద్ద ‘ఎన్’ కొడితే ణ. దానికే ఆర్‌టీఎస్ అని పేరు. అలా రాసిన పాఠాన్ని ఇంకో ప్రోగ్రాము తెలుగు లిపిలోకి మార్చేది. ఊరికి దూరంగా ఉండి, పద్యం గుర్తుచేసుకుని ఒకరికొకరు పంపుకోవడానికి మొదలైన పని ఇది. అసలు విశేషం ఏమిటంటే, ఆ ఇంగ్లీషు అక్షరాల వెనక ప్రతి తెలుగు అక్షరానికీ ఒకే గుర్తు ఉంది. డీటీపీ ఫైల్లో లేనిది అదే.

2003 డిసెంబరులో వెన్న నాగార్జున తెలుగు వికీపీడియాకు నాంది పలికారు. ‘పద్మ’ అనే పనిముట్టు చేసిందీ ఆయనే. రకరకాల పత్రికల ఫాంట్లలో ఉన్న రాతను అది యూనికోడ్‌లోకి మార్చేది. 2006లో వీవెన్ ‘లేఖిని’ తెచ్చాడు. ఇంగ్లీషు అక్షరాలు కొడుతుంటే పక్కన తెలుగు పడుతుంది. కీబోర్డు నేర్చుకోనక్కర్లేకుండా వేలమంది తెలుగు రాయడం అప్పుడే మొదలుపెట్టారు.

ఏలూరు రోడ్డు ఆపరేటర్లకు మాత్రం ఇది రుచించలేదు. యాపిల్ కీబోర్డు, మాడ్యులర్ కీబోర్డు వాళ్ల వేళ్లలో ఇంకిపోయాయి, గంటకు ఇన్ని పేజీలని లెక్క. ప్రభుత్వం వారి ఇన్‌స్క్రిప్టు వేరే, అమెరికా వారి ఆర్‌టీఎస్ వేరే. ‘ఇంగ్లీషులో తెలుగు కొట్టడమేంటండీ’ అని వాళ్లు, ‘ఆ పాత ఫాంట్లు పట్టుకుని ఎన్నాళ్లు వేళ్లాడతారు’ అని వీళ్లు. యూనికోడ్‌లో అచ్చుకు పనికొచ్చే అందమైన అక్షరాలు రెండో మూడో ఉండటం ఈ తగువుకు అసలు కారణం. 2010ల ఆరంభంలో సిలికానాంధ్రవారు, రాష్ట్ర ప్రభుత్వం కలిసి తెలుగు ఫాంట్లు ఉచితంగా విడుదల చేశాక గాని ఆ వాదన బలం తగ్గలేదు. తగ్గింది గాని పోలేదు. ఈనాటికీ పాత ఫాంట్లలోనే పుస్తకం కూర్చేవాళ్లు బెజవాడలో ఉన్నారు.

ఈలోగా పాత పుస్తకాల సంగతి ఇంకో దారిలో నడిచింది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్‌రెడ్డి పది లక్షల పుస్తకాలు స్కాన్ చేయాలని సంకల్పించారు. భారతదేశంలో అదే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అయింది. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ దానికి ఒక పెద్ద కేంద్రం. గ్రంథాలయాల బీరువాల్లోంచి తెలుగు పుస్తకాలు వేలకొద్దీ స్కానరు కిందికి వెళ్లాయి. మేలు జరిగింది, కాని ఎలా జరిగింది? పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరికి తోచిన స్పెల్లింగుతో వారు ఎక్కించారు. కవి పేరు పుస్తకం పేరు గడిలో, పుస్తకం పేరు కవి గడిలో. ఒకే గ్రంథం నాలుగు స్పెల్లింగులతో నాలుగుచోట్ల ఉండేది. వెతకడం ఒక విద్య. దొరికినా ఒక్కో పేజీ బొమ్మగా తెరుచుకుంటుంది తప్ప లోపలి మాట యంత్రానికి తెలియదు. 2017లో ఆ వెబ్‌సైటు మూతపడినా, అంతకు ముందే చాలా పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరడంతో బతికిపోయాయి.

బొమ్మలోంచి అక్షరం ఏరడానికి ఓసీఆర్ కావాలి. అచ్చు తెలుగును యంత్రంతో గుర్తుపట్టించే ప్రయత్నం 1977లోనే రాజశేఖరన్, బి.ఎల్. దీక్షితులు చేశారు. 2000 ప్రాంతంలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం చేసింది. పదేళ్ల కిందటి నుంచి గూగుల్ ఓసీఆర్ తెలుగు బాగానే చదువుతోంది. బాగానే అంటే కొత్త పుస్తకం బాగానే. 1910ల నాటి బెజవాడ అచ్చు ఒక పేజీ పెట్టి చూడండి. ప, వ కలిసిపోతాయి, మ, య తారుమారవుతాయి. థ పొట్టలో చుక్క అరిగిపోయి ధ అవుతుంది. అన్నిటికన్నా పెద్ద గండం వలపలగిలక. ‘ధర్మము’, ‘కర్ణుడు’ అన్నప్పుడు ఆనాటివాళ్లు రేఫను తర్వాతి అక్షరం పక్కన కొక్కెంలా వేసేవారు. యంత్రానికి ఆ కొక్కెం ఏమిటో తెలియదు, పొల్లు అనుకుంటుంది, లేదా ఇంకేదో అక్షరం అనుకుంటుంది. అందుకని మనిషి కూర్చోక తప్పదు.

ఆ మనుషులు తెలుగు వికీసోర్స్‌లో కూర్చున్నారు. తెరకు ఒకపక్క స్కాన్ బొమ్మ, ఇంకోపక్క యంత్రం చదివిన పాఠం. దిద్దని పేజీ ఎర్రగా, ఒకరు దిద్దింది పసుపుగా ఉంటుంది. ఇంకొకరు కూడా చూసి సరేనంటే ఆకుపచ్చ. దిద్దినవాళ్లే ఆకుపచ్చ చేయడానికి లేదు. పాత ప్రెస్సులో మొదటి ప్రూఫు, రెండో ప్రూఫు వేర్వేరు కళ్లు చూడాలన్న నియమం మళ్లీ పుట్టిందన్నమాట. 2014 ఫిబ్రవరిలో తెలుగు వికీపీడియా దశాబ్ది ఉత్సవాలు బెజవాడ కొత్తపేట కె.బి.ఎన్. కళాశాలలోనే జరిగాయి. అక్కడ కొమర్రాజు లక్ష్మణరావు పేరిట పురస్కారాలిచ్చారు. ఆ తర్వాత ఆంధ్ర లయోలా కళాశాల విద్యార్థులు ఈ పనిలో చేతులు కలిపారు. పద్యం ముఖం ఎరగని సైన్సు పిల్లలు అరసున్నా అంటే ఏమిటని అడుగుతూ పేజీలు దిద్దడం ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం.

సరే, యంత్రానికి అక్షరం తెలిసింది. చదువు వచ్చిందా?

మన కవిత్వంలో ఒక భాగం యంత్రానికి పెట్టి పుట్టినట్టే ఉంటుంది. గురులఘువులు, గణాలు, యతిమైత్రి, ప్రాస అన్నీ నియమాలే. మిరియాల దిలీప్ చేసిన ‘ఛందం’ అనే పనిముట్టుకు పద్యం ఇస్తే ఇది ఉత్పలమాల, ఇదిగో భ ర న భ భ ర వ, ఇదిగో పదో అక్షరం యతి అని విడగొట్టి చూపిస్తుంది. దీనికి ఎవరూ అనుకోని ఇంకో ప్రయోజనం ఉంది. చిట్టా తేలకపోతే గుమస్తా ఎక్కడో పద్దు తప్పిందని వెతికినట్టు, గణం కుదరకపోతే అక్కడ ఓసీఆర్ తప్పు చదివిందని పట్టుకోవచ్చు. వెయ్యేళ్ల నాటి ఛందస్సు ఈనాటి ప్రూఫురీడరు అవుతోంది. వచనానికి ఆ భాగ్యం లేదు.

బెజవాడకే చెందిన ఒక తగువు తీసుకోండి. పదో శతాబ్దంలో చాళుక్య యుద్ధమల్లుడు ఇక్కడ వేయించిన స్తంభశాసనంలో పద్యాలు మధ్యాక్కరలు. జయంతి రామయ్య పంతులే దాన్ని పరిష్కరించి ప్రకటించారు. అదే ఛందస్సులో బెజవాడవాసి విశ్వనాథ సత్యనారాయణ రాసిన ‘విశ్వనాథ మధ్యాక్కరలు’కు 1962లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. మధ్యాక్కర పాదంలో ఆరు గణాలు. నన్నయ ఐదో గణం మొదట యతి వేశాడు, తర్వాతివాళ్లు నాలుగో గణం మొదటికి వచ్చారు. ఎవరు ఎప్పుడు మారారు, మధ్యలో ఊగిసలాడినవాళ్లు ఎవరు? పండితుడు ఒక జీవితం పెట్టి తేల్చే ఈ ప్రశ్నకు, పాఠాలన్నీ శుద్ధంగా ఉంటే, యంత్రం ఒక పూటలో పట్టిక ఇస్తుంది. వృత్తిరీత్యా ఇంజనీరు, భాగవత గణనాధ్యాయిగా పేరు తెచ్చుకున్న ఊలపల్లి సాంబశివరావు పోతన భాగవతంలోని తొమ్మిది వేల పైచిలుకు పద్యగద్యాలను ఇలాగే కంప్యూటరుకు ఎక్కించి, ఏ స్కంధంలో ఏ ఛందస్సు ఎంతో లెక్కగట్టారు. అయిదో స్కంధం గంగన, ఆరోది సింగన, చివరి రెండూ నారయ రాశారని మనకు తెలుసు కదా. ఆ చేతులు మారినచోట లెక్కలు కూడా మారతాయా అన్నది ఇప్పుడు ఎవరైనా సరిచూడగలిగే ప్రశ్న.

మాటల దగ్గరికి వస్తే యంత్రం చతికిలబడుతుంది. లాటిన్‌లో బూసా పడ్డ కష్టం తెలుగు కష్టం ముందు దిగదుడుపు. ‘ఊరు’ అని వెతికితే ‘ఊళ్లో’ దొరకదు, ‘ఊళ్లవాళ్లంతా’ అసలే దొరకదు. కావ్యంలోనైతే సంధి కలిసి రెండు మాటలు ఒకటవుతాయి, గసడదవాదేశం వచ్చి ‘పోయె’ కాస్తా ‘వోయె’ అవుతుంది. యంత్రానికి ముందు చిన్నయసూరిని బోధించాలి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో జి. ఉమామహేశ్వరరావు బృందం మాటను ధాతువుగా, ప్రత్యయాలుగా విడగొట్టే పనిముట్టు మీద ఏళ్లతరబడి పనిచేసింది. 1990ల్లో కేంద్ర ప్రభుత్వ పథకం కింద దాదాపు 30 లక్షల మాటల తెలుగు పాఠం పోగుచేశారు. తెలుగులో ఎంత పాఠం పోగేసినా కొత్త మాటరూపాలు వస్తూనే ఉంటాయి, తరగవు. సామాన్య పాఠకుడికి ఎక్కువ పనికొచ్చింది వాడపల్లి శేషతల్పశాయి, కాలెపు నాగభూషణరావుల ‘ఆంధ్రభారతి’. బ్రౌన్, శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్రం, ఇంకా చాలా నిఘంటువులు ఒకే గడిలో మాట కొడితే వరసగా పలుకుతాయి. పల్లెటూళ్లో కూర్చుని కావ్యం చదువుకునే రిటైర్డు మాస్టారికి ఇది ఒక గ్రంథాలయమంత.

ఇక్కడ ఒక విచిత్రం. రచయిత చనిపోయాక 60 ఏళ్లదాకా మన దేశంలో కాపీరైటు. 1923లో పోయిన కొమర్రాజు, 1945లో పోయిన కృష్ణాపత్రిక ముట్నూరి కృష్ణారావు రాతలు అందరివీ. 1976లో పోయిన విశ్వనాథ రాతలు 2037లో గాని అందరివీ కావు. అంటే వేయిపడగలును యంత్రంతో చదివించి, ఆ పాఠాన్ని అందరి ముందూ పెట్టడానికి లేదు. పాత పుస్తకం స్వేచ్ఛగా ఉంది, కాని అరిగిన అచ్చులోంచి ఒక్కో అక్షరం తవ్వుకోవాలి. 1990ల తర్వాతి పుస్తకం శుభ్రంగా టైపయి ఉంది, కాని పాత ఫాంటులో ఒక తాళం, కాపీరైటు మరో తాళం. రెండో తాళం చట్టం సంగతి, కాలం తీస్తుంది. మొదటి తాళం మాత్రం మనమే తీయాలి. ‘పద్మ’లాంటి మార్పిడి పనిముట్లు ఉన్నాయి, ఫైళ్లే పోతున్నాయి. ఫ్లాపీలు బూజుపట్టాయి, సీడీలు పొరలూడాయి, మూసేసిన డీటీపీ దుకాణాల హార్డుడిస్కులు పాత సామాన్లవాడికి పోయాయి. సీసం కూర్పు విప్పేసినప్పుడు పోయినంత పాఠం, విప్పనక్కర్లేని ఈ కాలంలోనూ పోతోందంటే అది కేవలం మన నిర్లక్ష్యమే.

వచ్చే భాగంలో ఇంకా వెనక్కి, తాటాకుల దగ్గరికి వెళ్దాం. మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదలకుండా గంటంతో రాసిన ప్రతులు, బ్రౌన్ పోగుచేసి మద్రాసు చేర్చినవి, కృష్ణాతీరపు ఇళ్లలో ఇంకా మిగిలినవి, వాటిని యంత్రం ముందు పెడితే ఏమవుతున్నదీ చూద్దాం. ఈలోగా ఒక్క విన్నపం. డీటీపీ చేసినవాళ్లు, పుస్తకం వేసుకున్నవాళ్లు మీ అటక మీదున్న పాత సీడీలు ఒకసారి దించి, తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. తెరుచుకుంటే ఇవాళే కొత్త డిస్కులోకి కాపీ చేసి, ఏ ఫాంటో ఒక చీటీ రాసి పెట్టండి.